వెర్లిన్ పట్టుకున్న దొంగ ఓటు

స్కోగెన్, మిన్నెసోటా
నవంబరు

ఆర్డెల్ అక్కకు తమ్ముడు వెర్లిన్ రాసేది,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకని అడగకు. ఫోన్లు వింటున్నారు. ఎవరు వింటున్నారో ఇంకా తెలీదు.

రాష్ట్ర శాసనసభకు నిలబడి కొద్దిపాటి ఓట్లతో ఓడిపోయానని నీకు తెలుసు. జూలై ఊరేగింపులో ఊరంతా నాకు చేతులూపింది. పిల్లలకి నా చేత్తో మిఠాయి విసిరాను. అలాంటి ఊరు ఆ పశువుల డాక్టరు జనెల్‌ని గెలిపిస్తుందా? మోసం జరిగింది!

ఆధారాలున్నాయి. ఒకటి, హిల్మా టోలెఫ్‌స్రూడ్ ఓటేసింది. ఆవిడ అంత్యక్రియలకి నేనే వెళ్ళాను, శాండ్‌విచ్ కూడా తిన్నాను. రెండు, ఒక బూడిదరంగు బస్సులోంచి ముక్కూమొహం తెలియని ముసలాళ్ళు దిగారు. మూడు, ఆకుపచ్చ స్వెటరు వేసుకున్న ఒక ఆడమనిషి పోలింగ్ హాలు వెనక తలుపులోంచి ఏదో కప్పిపెట్టి కారులోకి చేరవేసింది. బైనాక్యులర్స్‌కి మంచు పట్టి మొహం కనబడలేదు.

కౌంటీ బోర్డుకి ఫిర్యాదు ఇచ్చాను. ఆ హాల్లో పోలింగ్ అధికారివి నువ్వే కాబట్టి, ఆ మనిషెవరో ఆరా తియ్యి.

ఇట్లు,
నీ తమ్ముడు వెర్లిన్

తా.క. ఇది రహస్యం. రేడియోవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

*

వెర్లిన్‌కి,

చచ్చిపోయింది పెద్ద హిల్మా. ఓటేసింది ఆవిడ మేనకోడలు చిన్న హిల్మా. నీకు ఆ శాండ్‌విచ్ అందించింది ఈవిడే. ఆ బస్సు చర్చివాళ్ళది, వృద్ధాశ్రమం నుంచి వచ్చింది. దిగినవాళ్ళలో నీకు చేపలు పట్టడం నేర్పిన సిగ్ బాబాయి ఉన్నాడు. ముక్కూమొహం తెలియలేదా నీకు?

ఆకుపచ్చ స్వెటరు నాది. నువ్వే కొనిపెట్టావు. కారులో పెట్టుకున్నది మాంసం, బంగాళాదుంపలతో హాట్‌డిష్ వండి తీసుకెళ్ళిన పళ్ళెం. పోలింగ్ సిబ్బంది అడుగంటా నాకేస్తే ఖాళీది ఇంటికి తెచ్చుకున్నాను.

ఈ కౌంటీలో జనానికి వాళ్ళ ఓటు వెయ్యడానికే బద్ధకం. ఇంకొకరిది కూడా వేసేసి జైలుకెళ్ళే ఓపిక ఎవరికుందిరా? అదీ నిన్ను ఓడించడానికి? నిన్ను ఓడించడానికి అంత కష్టం అక్కర్లేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకో.

నీ అక్క
ఆర్డెల్

తా.క. నువ్వు విసిరింది పిల్లలు నోట్లో పెట్టుకోగానే ఉమ్మేసే నల్ల లికోరైస్. పిల్లలకి ఓటు హక్కు లేకపోవడం నీ అదృష్టం.

*

అక్కా,

నీ ఉత్తరం చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. నీ చేత ఎవరో బలవంతంగా రాయించారు. లేకపోతే నా అక్క నన్ను ఇన్ని మాటలంటుందా?

"ఆకుపచ్చ స్వెటరు నాది" అని ఒప్పుకున్న భాగానికి కింద గీతగీసి బోర్డువాళ్ళకి పంపాను. నేరం ఒప్పుకుంటే దయ చూపిస్తారట. ఇదంతా నీ మంచికే.

టర్కీ కోళ్ళ ఫ్యాక్టరీ పక్కన చక్రాల మీద నిలిపిన ట్రైలర్ ఇళ్ళలో కొత్తవాళ్ళు దిగారు కదా, వాళ్ళందరి ఓట్ల మీదా అభ్యంతరం పెట్టాను. వాళ్ళలో ఒక్కడూ నాకు తెలీదు. నాకు తెలియనివాడు ఈ ఊరివాడెలా అవుతాడు?

ధైర్యంగా ఉండు.
వెర్లిన్

తా.క. నిన్ను ఎవరైనా నిర్బంధిస్తే కవరు మీద స్టాంపు తలకిందులుగా అతికించు. నాకు అర్థమవుతుంది.

*

వెర్లిన్‌కి,

విచారణ తేలేదాకా నన్ను పోలింగ్ పనుల నుంచి తప్పించారు. ఇన్నేళ్ళుగా ఒక్క మాట పడకుండా చేసిన పని. ఇద్దరు మనుషులు ఇంటికొచ్చి నా హాట్‌డిష్ పళ్ళేన్ని నాలుగువైపుల నుంచీ ఫోటో తీశారు. బేకరీకి వెళితే మాటలు ఆగిపోతున్నాయి.

చిన్న హిల్మా నిన్న వచ్చింది. నీ ఫిర్యాదు మీద బోర్డు పంపిన నోటీసు నా బల్ల మీద పెట్టింది. "నేను బతికే ఉన్నానని డాక్టరు దగ్గర రాయించుకు రావాలా ఆర్డెల్?" అంది.

ఇంకొకటి. ఆ ట్రైలర్ ఇళ్ళ ముందు పాతినవి నీ ప్రచారం బోర్డులే. నీ మీద అభిమానంతో చలికి గడ్డకట్టిన నేలని తవ్వి మరీ పాతారు.

గురువారం విచారణకి వస్తాను. నా పక్కన కూర్చోకు.

ఆర్డెల్

తా.క. కళ్ళజోడు కనబడక స్టాంపు తలకిందులుగా అంటుకుంది. దయచేసి పోలీసుల్ని పంపకు.

*

అక్కా,

బోర్డువాళ్ళు అందరి ముందూ నీకు క్షమాపణ చెప్పారు. చాలా సంతోషం. హిల్మా లేచి నిలబడి, "బతికే ఉన్నాను. ఎంత బతికున్నానో వచ్చే ఎన్నికల్లో వెర్లిన్‌కి తెలుస్తుంది" అన్నప్పుడు జనం చప్పట్లు కొట్టడం మాత్రం బాగాలేదు. ఆవిణ్ణి తీసుకుని నువ్వు వెళ్ళిపోయాక జరిగింది రాస్తున్నాను.

ట్రైలర్ ఇళ్ళవాళ్ళ కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. వాళ్ళలో ఒకాయన లేచి, "సార్, నేను ఈయనకే వేశాను. ఇప్పుడు వెనక్కి తీసుకోవచ్చా?" అన్నాడు. కుదరదన్నారు. "అయితే ఈయన ఎక్కడుంటాడో కూడా అడగండి" అన్నాడు.

అడిగారు. ప్రమాణం చేయించి మరీ అడిగారు.

అక్కా, నీకు చెప్పలేదు. నీ మరదలు మార్లిస్ నన్ను వసంతంలోనే ఇంట్లోంచి గెంటేసింది. నీకు తెలియకూడదని ఫోన్ మానేసి, ఊళ్ళో పోస్టు పెట్టెకి ఉత్తరాలు తెప్పించుకుంటున్నాను. ఉంటున్నది పక్క కౌంటీలో, సరస్సు ఒడ్డున గుడిసెలో. "నా మనసు మాత్రం స్కోగెన్‌లోనే ఉంది" అన్నాను. "మనసుకి ఓటు లేదు" అన్నాడు చైర్మన్. నా ఓటు కొట్టేసి నా మీద కేసు పెట్టారు.

మోసం జరిగిందని నేను మొత్తుకోలేదా? నన్ను వెక్కిరించావు. నియోజకవర్గం మొత్తానికి ఒక్క దొంగ ఓటు ఉంది, దాన్ని పట్టించింది నేనే! ఒక్క మెచ్చుకోలు మాటైనా రాస్తావని ఎదురుచూస్తూ,

నీ తమ్ముడు వెర్లిన్

తా.క. కావాలని చెయ్యలేదు, తెలివితక్కువతనం వల్ల చేశానని రుజువు చేస్తే జైలు తప్పుతుందట. నన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగిన సాక్షి కావాలన్నాడు లాయరు. నీ పేరు ఇచ్చాను. అబద్ధం ఆడాల్సిన పనేమీ ఉండదు.