అవునన్నవాళ్లదే గెలుపు

ఆగస్టు 5
ఢిల్లీ. ఉక్కపోత. ఇవాళ పార్లమెంటు గ్యాలరీలో కూర్చున్నాను. ఎంపీ గారి భార్యనైనా లోపలికి వెళ్లడం ఇదే మొదలు. బీడీల మీద పన్ను పెంచే బిల్లు. అది పాసైతే కార్ఖానాల వాళ్లు పనిదినాలు కోస్తారు, బాన్సువాడలో బీడీలు చుట్టే మా అమ్మ ఒళ్లో చాట ఖాళీ. ఎన్నికలప్పుడు మా ఆయన మైకు పట్టుకుని గల్లీ గల్లీ తిరిగాడు — "పానం పోయినా గా బిల్లుకు అవుననను." బీడీలు చుట్టే ఆడవాళ్లు ఆ ఒక్క మాటకే ఓట్లు వేశారు.

సభంతా గోల. అనుకూలమైనవాళ్లు చెప్పండి అన్నారు స్పీకరు. అవును, అవును అని ఒకటే అరుపు. పైనుంచి నేను ఆయన నోరే చూస్తున్నాను. తెరుచుకుంది. బల్ల కూడా చరిచాడు. అవునన్నవాళ్లదే గెలుపు అని స్పీకరు ప్రకటన... అయిపోయింది. ఒక టీ తాగేంత సేపు కూడా పట్టలేదు.

ఆగస్టు 6
అడిగేశాను. పొద్దున టీ ఇస్తూ.

"విప్ ఉండె సరోజా. పార్టీ మాట..."

విప్ అంటే ఏమిటో నాకూ తెలుసు. పార్టీ చెప్పినట్టు ఓటెయ్యకపోతే సీటుకే ఎసరు. కానీ నిన్నటిది మీట నొక్కే ఓటు కాదు, మూజువాణి ఓటు. ఎవరేమన్నారో ఎక్కడా రాసుకోరు. అంత గోలలో కాదు అన్నా, నోరు మూసుకుని కూర్చున్నా ఎవరికి తెలుస్తుంది? అదే అన్నాను.

కప్పు కింద పెట్టాడు. "ఏమో... అందరు అంటుండ్రు. నాకు తెల్వకుంటనే అన్న."

కోపం రాలేదు. భయమేసింది. ఎవరో బెదిరిస్తే అన్నానంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

ఆగస్టు 9
బాన్సువాడ. ఇంటి ముందు అప్పుడే ఫ్లెక్సీ వెలిసింది — బీడీ బిల్లుకు ఎదురు నిలిచిన సింహం. పెట్టింది ఎవరంటే "పోరగాళ్లు పెట్టిండ్రు, ఇడిసిపెట్టు" అంటాడు. పత్రికలవాళ్లతో ఫోన్లో మాత్రం — "నేనైతే కాదనే అన్న. రికార్డుల రాయకపోతె ఏం జేస్తం అన్నా?" గొంతు వణకదు. సింహమట. ఈ సింహానికి పొద్దున ఇడ్లీలోకి చట్నీ కారమైతే కళ్లల్లో నీళ్లు.

ఆగస్టు 10
పెళ్లికి ముందు సంగతి పదే పదే గుర్తొస్తోంది. పీఎఫ్ కోసం బీడీలు చుట్టే మేమంతా కార్ఖానా గేటు ముందు ఎండలో కూర్చుంటే, ఈయనా వచ్చి కూర్చున్నాడు. మేనేజరు లేవమని గదమాయిస్తే ఆడవాళ్లం లేచిపోయాం. ఈయన ఒక్కడే లేవలేదు. అమ్మ ఇంటికి పిలిచి జొన్నరొట్టె పెట్టింది. "గీ పిలగాడు 'కాదు' అనెటోడు. నీకు గిట్లాంటోడే ఉండాలె" అంది నాతో.

తర్వాత సర్పంచ్, జడ్పీటీసీ, ఎమ్మెల్యేగా ఓటమి, కండువా మార్పు, ఎంపీ. మెట్టు మెట్టుకీ కాస్త కాస్త తలూపడం నేర్చాడు. నేను పక్కనే ఉన్నాను. కారు నాకూ బాగానే ఉంది, దాచుకోవడం దేనికి?

ఆగస్టు 12
వర్నిలో రైతుల మీటింగు, పిట్లంలో పెళ్లి. రెండు చోట్లా ఒకే నవ్వు.

ఆగస్టు 13
ఫంక్షన్ హాల్లో సన్మానమట. బీడీ ఆడవాళ్లే చేస్తారట. మొదటి శాలువా మా అమ్మ చేత కప్పిస్తారట.

"వద్దను" అన్నాను.

"వద్దంటె అనుమానం రాదా?"

నిజమే. రాజకీయం తెలిసినవాడు కదా.

ఆగస్టు 14
అమ్మకు చెప్పేద్దామనే వెళ్లాను. దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. అరుగు మీద అమ్మ, ఇంకో ఇద్దరు ముగ్గురు, ఒళ్లలో చాటలు. తునికాకు కత్తిరిస్తున్న పక్కింటి షాహీన్ అక్క నన్ను చూసి చెయ్యి ఆపింది.

"సరోజా, బీర్కూర్‌ల మావోళ్లు అంటుండ్రు... మీ ఆయన గుడ అవుననే అన్నడంట. నిజమేనా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "ఊరోళ్ల మాట ఇడువు. అల్లుడు జెప్పినా నేను నమ్మ, ఎంతైనా లీడరే. నా బిడ్డ ఆడనే కూసున్నది. నువ్వు జెప్పు బిడ్డా. కాదన్నడా?"

అందరూ నా వైపే. అమ్మ వేళ్లకు తంబాకు దుమ్ము.

"కాదన్నడమ్మా."

అనేశాను. నన్నూ ఎవరూ బెదిరించలేదు.

"గదీ! నేను జెప్తనే ఉన్న గాళ్లకు" అంటూ షాహీన్ అక్క మళ్లీ ఆకు తీసుకుంది. అమ్మ ముఖంలో ఎంత వెలుగో.

ఆగస్టు 17
సన్మానం అయింది. హాలు నిండింది. అమ్మ శాలువా కప్పి ఆయన తల నిమిరింది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. అది నటన కాదు, నాకు తెలుసు. కారెక్కాక నా చెయ్యి పట్టుకుని, "ఇజ్జత్ కాపాడినవ్ సరోజా" అన్నాడు. చెయ్యి లాక్కోవాలనుకున్నాను. లాక్కోలేదు. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఆగస్టు 19
ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

ఆగస్టు 20
కార్ఖానాలో వారానికి మూడు రోజులే ఆకు ఇస్తామన్నారట. అమ్మ ఫోన్. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను...

"గంతమంది అవునంటె మనోడు ఒక్కడు ఏం జేస్తడు, పాపం. మనసుల పెట్టుకోవద్దని జెప్పు. అన్నం తింటుండా?"

"తింటుండమ్మా."

"రేపొస్త. నేనే జెప్త అల్లునికి, ఫికర్ జెయ్యకని."

రేపు వస్తుంది. ఆయనకు ధైర్యం చెప్పడానికి. ఆయన ఎదుటే చెప్పేయాలి, అమ్మా, అవునన్నాడు, నేనూ నీతో అబద్ధమాడాను అని. చెప్పాలి.

పధ్నాలుగో తారీఖున కూడా ఇలాగే అనుకుని బయల్దేరాను.