సర్పికి గీసిన సిరా

మామయ్యా,

ఆవిరి రొట్టెలు గిన్నెలో ఉన్నాయి, వేడి చేసుకుని తినండి. మేకకు నీళ్లు పెట్టాను. బొంత కోసం వచ్చాను, మళ్లీ ఆసుపత్రికి పోతున్నాను. మీ అబ్బాయి యోంగ్‌షన్‌కు కుడి కన్ను దక్కదంటున్నారు.

సర్పి పొక్కులు పాములా పాకి తలా తోకా కలవకుండా మీరు నుదుటి మీద గీసిన సిరానంతా డాక్టరమ్మ దూదితో తుడిచేసింది. "ముక్కు కొన మీద పొక్కులు లేచినప్పుడే కంటికి ముప్పు. ఐదు రోజులు ఏం చేశారమ్మా?" అంది. మా మామయ్య గీస్తే ఊళ్లో అందరికీ తగ్గుతుందన్నాను. "అందరికీ అంటే? వయసులో ఉన్నవాళ్లకు కూడానా?" అంది. అవునన్నాను. పడుచువాళ్లకు సర్పి ఊరికే లేవదని వెంటనే రక్తం తీయించింది.

పొద్దున రక్త పరీక్ష వచ్చింది. హెచ్‌ఐవి. ఇటుకల ఇల్లు కట్టిన ఏడాది ట్రాక్టరెక్కి వెళ్లి రక్తం అమ్మాడు కదా, అప్పుడు అంటుకుందట. వద్దంటే తండ్రీకొడుకులు విన్నారా నా మాట? ఇప్పుడు అనుకుని ఏం లాభం. ఈ జబ్బుకు మందులున్నాయట, ఎంత ముందొస్తే అంత మేలట.

ఇక ఎవరికీ గీయకండి. పండక్కి తలుపుల మీది ఎర్ర కాగితాలు రాసే కుంచెతోనే, మీరు సర్పికి గీసిన పడుచువాళ్ల పేర్లన్నీ రాసి ఉంచండి. డాక్టరమ్మ ఎల్లుండి ఊళ్లోకి వస్తుంది. వాళ్లంతా ఆ ట్రాక్టరెక్కినవాళ్లే.

గ్వైలాన్

మరిచాను. నేను ట్రాక్టరెక్కలేదు. కానీ పోయిన చలికాలం నా మెడకూ మీరే గీశారు. నా పేరు కూడా రాయండి.