మరకలంటని చొక్కా

ఏమండీ, తెనాలి బండికి టైమైపోయింది. కూర వేడిచేసుకోండి. బకెట్లో తెల్లచొక్కా మీదనుకునేరు, మా షాపుది. కాఫీ మరక పోయేదాకా మెత్తగా రుద్ది, పిండకుండా నీడలో ఆరెయ్యండి. నానో పూత చొక్కాకి మరకే అంటదని రేపు కస్టమర్ల ముందు మళ్ళీ దానిమీదే కాఫీ ఒలికించి చూపించాలి. పూత నాలుగు ఉతుకులకే పోయింది. ఒలికించగానే గబగబా దులిపేస్తున్నా. అయినా మరక మిగిలితే ఓనరు నన్నే తిడతాడు. మానేద్దామంటే, బాపట్లలో ఇదే నానో మీద ఎం.టెక్ చదివిన నాకు రేపల్లె నుంచి రోజూ వెళ్ళొచ్చే దూరంలో దొరికింది ఇదొక్కటేగా.

వాగ్దేవి

మన్విత బడినుంచి వచ్చేలోపు చొక్కా దాచెయ్యండి. మరకలంటని బట్ట కనిపెట్టింది మా అమ్మేనని క్లాసులో చెప్పుకుందట.