లేని పుట్టుమచ్చ

ఇందుమూలంగా పోలీసు శిక్షణలో ఉన్న కుమారి మల్లికకు, ఆమె పక్క మంచాల వారికి చాటింపు వేసి తెలియజేయునది ఏమనగా: మన ఇంటి కోడిపుంజు పోయిన నెల నుంచి పొద్దెక్కినాక కూస్తున్నందున దానిని కొలువు నుంచి తొలగించడమైనది. మీ అమ్మ కుడికాలి చెప్పును ఎత్తుకుపోయిన కుక్కపిల్ల ఇంకా పరారీలోనే ఉన్నది. ఎడమకాలి చెప్పు దుఃఖంలో ఉన్నందున ఎవరినీ కలవడం లేదు. మీ గుర్వయ్య పెదనాయిన పెళ్ళి విందులో పదకొండు మూలుగు బొక్కలు నమిలి, పన్నెండోదాని దగ్గర పన్ను పోగొట్టుకొని, మన వాడకు పేరు తెచ్చినాడు. ఈ ప్రకటన చదివి నవ్వనివారు శిక్షార్హులు.

బిడ్డా మల్లికా, మీ బాపు ఐలేశం దీవెనలు. ఇక్కడ నేను, మీ అమ్మ, నలభై మూడు గొర్రెలు ప్రాణాలతో ఉన్నాం. నువ్వు అక్కడ పరుగులు తీసి, పెట్టింది తిని, ఆరోగ్యంగా ఉన్నావనుకుంటున్నాం.

నీ జాబు అందింది. మీ అమ్మ మోకాలు సంగతి అడిగావు. దవాఖానలో ఇచ్చిన మందు రాస్తే తగ్గింది. తగ్గిందని ఆమె ఒప్పుకోదు, ఒప్పుకుంటే నీళ్ళ బిందె ఎత్తాల్సి వస్తుందని భయం. ఎర్రచెవుల గొర్రె ఈనిందా అని అడిగావు. ఈనింది. దాని కథ కింద రాస్తాను, ఎందుకంటే నీ మూడో ప్రశ్నకు జవాబు దాని వెనకాలే ఉంది.

ఆ మూడో ప్రశ్న దగ్గర తొమ్మిది రోజులు ఆగిపోయాను. నువ్వు రాసింది నోటికి వచ్చేసింది: "బాపూ, కాగితాలు చూసే సారు పదో తరగతి మెమోల ఉన్న పుట్టుమచ్చలు చూపెట్టుమన్నడు. ఎడమ చెవి కింద ఒకటి, కుడి మోచేతి మీద ఒకటి అని ఉన్నది. నాకు రెండూ లేవు. అద్దంల నేను గూడ చూసిన. నెలాఖరుకు జవాబు తెమ్మన్నడు. ఆదివారం పది నిమిషాల ఫోన్ల అడిగితే నవ్విచ్చి పక్కకు తోలుతవని రాస్తున్న. సారు సంగతి తర్వాత. నేనెవల్ని, బాపూ?"

ఫోన్లో అయితే నిజంగానే నవ్వించేవాణ్ణి. "సబ్బు పెట్టి రుద్దితే పోయినయేమో బిడ్డా" అనేవాణ్ణి. కాగితం మీద నవ్వు నిలవడం లేదు. నేరుగా చెప్పడం నాకు రాదు. ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి, అక్కడ కూడా పంతులు కుర్చీలో పల్లేరు కాయలు పోసినందుకు ఆగిపోయినవాణ్ణి. అందుకే నీ చిన్నప్పటిలాగా కథతో మొదలుపెడతాను.

ఎర్రచెవులది పోయిన నెల ఈనింది. పిల్ల రెండో రోజు చచ్చింది. అదే వారం ఇంకో గొర్రె ఈని, కడుపుబ్బి చచ్చింది. దాని పిల్ల మిగిలింది. ఒక తల్లికి పిల్ల లేదు, ఒక పిల్లకు తల్లి లేదు, ఇద్దరినీ కలిపితే సరిపోతుందని చూసేవాళ్ళు అనుకుంటారు. గొర్రె అలా అనుకోదు. తన కడుపున పుట్టని పిల్ల పొదుగు దగ్గరికి వస్తే వాసన చూసి, తలతో ఒక్క కుమ్ము కుమ్ముతుంది. మూడుసార్లు కుమ్మింది. పిల్ల మూడుసార్లు లేచి వచ్చింది. నాలుగోసారి కుమ్మితే లేవలేక పడి ఉన్నది.

అప్పుడు మా తాతలు చేసిన పనే నేనూ చేశాను. చచ్చిన పిల్ల తోలు వలిచి, నాలుగు కాళ్ళకు నాలుగు చిల్లులు పెట్టి, బతికిన పిల్లకు అంగీ తొడిగినట్టు తొడిగి, కడుపు కింద దారంతో కుట్టాను. 

ఎర్రచెవులది వాసన చూసింది. "వాసన నా బిడ్డదే, గొంతేంది గిట్లున్నది?" అన్నది.

"సర్ది అయిందమ్మా" అన్నది పిల్ల. ఆకలి మీదున్న పిల్లకు అబద్ధం ఎవరూ నేర్పక్కర్లేదు.

పాలిచ్చింది. అయిదో రోజుకు తోలు కుళ్ళి ఈగలు ముసిరాయి. దారం కోసి తీసేశాను. పిల్ల ఒక్క దుముకు దుమికి దొడ్డి చుట్టూ ఉరికింది. ఆ తోలు దాని మీద ఎంత బరువుండిందో ఆ ఉరుకుడు చూస్తే తెలిసింది. ఉరికి ఉరికి వచ్చి గొర్రె ముందర నిలబడింది. "అమ్మా, ఇన్నొద్దులు నా మీద ఉన్నది ఎవరి వాసన?" అని అడిగింది.

గొర్రెకు మాటలు రావు కాబట్టి జవాబు చెప్పకుండా తప్పించుకున్నది. నాకు వస్తాయి.

బిడ్డా, మల్లిక అనే పిల్ల మాకు పుట్టింది. ఎడమ చెవి కింద, కుడి మోచేతి మీద మచ్చలు దానివి. మూడేళ్ళు నిండకముందే వాంతులు, విరేచనాలు పట్టుకొని రెండు రోజుల్లో పోయింది. అప్పుడు మేము నకిరేకల్ అవతల ఒక మెట్ట చెల్క అంచున గుడిసె వేసుకొని మంద కాస్తున్నాం. ఆ చెల్కలోనే పూడ్చి, పైన రాళ్ళు పేర్చాను. ఆ చావును ఏ కాగితంలోనూ రాయించలేదు.

రోడ్డు పక్కన పైపుల కోసం కాలువ తవ్వడానికి పాలమూరు నుంచి కూలీలు వచ్చి మా గుడిసెకు దగ్గరలోనే దిగారు. అందులో కోస్గి దిక్కు నుంచి బాలనర్సమ్మ అనే ఆమె ఉండేది. మొగుడు లేడు, మూడేళ్ళ ఆడపిల్ల ఉంది. బాలనర్సమ్మకు జ్వరం తలకెక్కితే మేస్త్రీ ఆటోలో వేసి దవాఖానకు తీసుకపోయాడు. ఆటో ఎక్కేముందు పిల్లను నా చేతుల్లో పెట్టి, "అన్నా, నాలుగొద్దులు సూడు, వస్త" అన్నది. ఆ పిల్ల పేరు స్వర్ణ. ఆ పిల్లవు నువ్వు.

మీ అమ్మ మూడు రోజులు నిన్ను ముట్టలేదు. "ఎవల పోరిని తెచ్చినవ్? దీన్ని సూస్తె నా కడుపు మండుతాంది, యాడన్న ఇడిసిపెట్టి రాపో" అన్నది. నువ్వు ఒక మూలకు కూర్చొని ఏడ్చేదానివి. ఇంట్లో చచ్చిన పిల్ల పచ్చ గౌను ఉంది, ఉతకనిది. మీ అమ్మ దాన్ని దిండు కింద పెట్టుకొని పడుకునేది. నాలుగో రోజు పొద్దున ఆమె నీళ్ళకు పోయిన వేళ ఆ గౌను తీసి నీకు తొడిగాను. దాని కొబ్బరినూనె రాశాను, దాని లెక్కనే జుట్టు దువ్వాను. ఆమె వచ్చి చూసి బిందె కింద పడేసింది. నన్ను చెంప మీద కొట్టింది. తర్వాత నిన్ను ఒళ్ళోకి లాక్కొని మెడ కాడ వాసన చూసింది. అప్పటి నుంచి దించలేదు.

బడిలో వేసిన నాడు సారు పుట్టుమచ్చలు అడిగాడు. నేను నీ వైపు చూడలేదు. నోటికి ఏది వచ్చిందో అది చెప్పాను, వచ్చింది చచ్చినదాని మచ్చలు. పుట్టిన తేదీ కాగితం కూడా దానిదే ఇచ్చాను.

నీ తల్లి సంగతి అడుగుతావు. నెల తర్వాత మేస్త్రీ కబురు తెచ్చాడు. బాలనర్సమ్మ దవాఖానలోనే చనిపోయిందట. నీకోసం ఎవరూ రాలేదు. అట్లా నువ్వు మాదానివయ్యావు.

ఇక్కడి దాకా రాసి సంతకం పెట్టబోతుంటే మీ అమ్మ వచ్చి ఎదురుగా కూర్చున్నది.

"సదువు" అన్నది.

చదివాను.

"గా దవాఖాన కాడ మల్లొక్కసారి సదువు."

చదివాను.

"సచ్చిందా?"

"గట్ల రాస్తే పిల్లకు జర నిమ్మలం ఉంటది గదనే."

"పిల్లకా, నీకా?"

"నువ్వెప్పుడు పోలీసువైనవే గుర్వమ్మా? ఇంట్ల ఒక్కతె సాలదా?" అన్నాను. ఆమె నవ్వలేదు.

"నేను తడక సందులకెళ్ళి అంత సూసిన. పోరి నా ఒళ్ళె ఉండె. తల్లి గొంతు ఇని యాడ ఏడుస్తదో అని దాని నోరు నా చెయ్యితోని మూసిన. నీది నాలుక, నాది చెయ్యి. గిన్నేండ్లు నువ్వూ అనలేదు, నేనూ అనలేదు. రాయి. రాయకుంటే రేపు బస్సెక్కి పోయి నేనే చెప్త."

రాస్తున్నాను.

మూడు నెలలకు, వానలు పడుతుండగా బాలనర్సమ్మ వచ్చింది. జ్వరానికి జుట్టంతా ఊడిపోయింది, మనిషి కట్టెలాగా ఉంది. కొంగు కింద తడవకుండా ఒక బన్ను పట్టుకొచ్చింది. నేను దొడ్డికి కంప కడుతున్నాను. "అన్నా, నా సొర్ణ యాడున్నది?" అన్నది.

జీవితమంతా ఊరి వాళ్ళను ఉత్తుత్తి మాటలతో ఉరికించిన నాలుక ఇది. నాకంటే ముందు అదే మాట్లాడింది. "లేదు చెల్లే. జరమొచ్చి పోయింది" అన్నాను. తీసుకపోయి నా బిడ్డ మీద నేను పేర్చిన రాళ్ళు చూపించాను.

వానలో కూర్చున్నది. బన్ను రాళ్ళ మీద పెట్టింది. "నా కోసం ఏడ్చిందా అన్నా?" అన్నది.

"ఏడ్వలేదు. నిద్రలనే పోయింది" అన్నాను.

నువ్వు తొమ్మిది రోజులు ఏడ్చావు, బిడ్డా. ఆమె పిడికెడు తడి మన్ను కొంగున ముడేసుకొని రోడ్డు దిక్కు నడిచింది. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని నేను కంప వెనకాల కూర్చున్నాను. ఆ వారమే మందను తోలుకొని ఈ ఆలేరు దిక్కు వచ్చేశాం. అప్పట్లో ఇక్కడ మమ్మల్ని ఎరిగినవాళ్ళు లేరు. నీళ్ళ కోసం వచ్చామని నీకు చెప్పేవాణ్ణి. ఆమె మళ్ళీ వస్తే నాకు మాట రాదేమోనన్న భయంతో వచ్చాం.

గొర్రెపిల్ల తల్లి నిజంగా చచ్చింది, అందుకే తోలు కప్పినా నాకు పాపం అంటుకోలేదు. నీ తల్లి నా గుమ్మం దాకా నడిచి వచ్చింది.

సారుకు ఈ ఉత్తరమే చూపించు. తప్పు కాగితం ఇచ్చినవాణ్ణి నేను, పిలిచిన చోటికి వస్తాను. కోస్గికి పోవాలనిపిస్తే పో. మీ అమ్మ అడ్డం రాదు, కాని రెండు రోజుల నుంచి ముద్ద దిగడం లేదు ఆమెకు. బాలనర్సమ్మ ఉంటే ఇప్పుడు యాభైకి దగ్గర ఉంటుంది. ఉందో లేదో నాకు తెలియదు. నువ్వు చనిపోయావని మాత్రం ఆమెకు తెలుసు.

ఆమె దవాఖానలో చనిపోయిందని పైన రాసిన మాటను కొట్టివేయలేదు, ఎంత సాఫీగా రాశానో నువ్వు చూడాలని అట్లనే ఉంచాను. మేస్త్రీ రాలేదు, కబురు తేలేదు. అది మొత్తం నేను పుట్టించింది.

ఇట్లు,
నువ్వు ఇంకా అట్లా పిలిస్తే,
మీ బాపు