కప్పిన చేతులే విప్పవలెను

వ్యయ నామ సంవత్సరం, మాఘమాసం.

నరసరావుపేట తాలూకా కచేరీలో శ్రీ తహశీల్దారు గారి సముఖమునకు, రొంపిచర్ల దాపు పల్లెలో కాపురముండు సన్నాయి మేళగాడు షేక్ ముర్తుజా, వయస్సు అరవైనాలుగు, సలాములతో వ్రాసుకొను అర్జీ. (వయస్సు తగ్గించి వేద్దామా అని అర్జీల రాతగాడు లక్ష్మీనరసయ్య గారు అడిగిరి. అక్కరలేదంటిని.)

అయ్యా,

విషయం: గత దసరాలలో తమ చేతులమీదుగా నాకు కప్పిన శాలువాను తిరిగి తీసుకొని, మా ఊరి ప్రభ ముందర నా స్థలము నాకు ఇప్పించుటను గురించి.

1. మా నాయన తదుపరి నేను, ప్రతి శివరాత్రికీ మా ఊరివారు వెదుళ్లతో బండిమీద ఎత్తుగా కట్టు ప్రభకు ముందు సన్నాయి వాయించుచూ కోటప్పకొండ దాకా నడిచి పోవుచున్నాను. ఎద్దులు నా వెనక, ప్రభ ఎద్దుల వెనక, ఊరు ప్రభ వెనక. ఇది వాడుక. నిరుడు కూడా నడిచితిని. దారిలో ఎద్దులను మార్చిరి గాని నన్ను మార్చలేదు.

2. దసరాలలో ప్రభ కమిటీ ప్రెసిడెంటు, బట్టల కొట్టు వెంకటాద్రి గారు, నాకు సన్మానమని ఊరంతా చాటింపు వేయించిరి. తమరు దయచేసి శాలువా కప్పితిరి. ఇందులో తమ తప్పు ఇసుమంతయు లేదు. ఏమి కప్పించుచున్నారో తమకును తెలియదు, నాకును తెలియదు. నా భార్య జైనాబ్ బీకి మాత్రం ఆ రాత్రే అనుమానం వచ్చినది. "కంట్రోలు రోజుల్లో కట్టుకునే గుడ్డకే దిక్కులేదు. ఆ పిసినారి నీకు శాలువా కప్పించాడంటే ఊరికే కప్పించాడా?" అన్నది. నేను కసురుకొంటిని.

3. శాలువా పుచ్చుకొనుటకు రెండు చేతులూ కావలెను. సన్నాయి చంకన పెట్టుకొని సన్మానం పుచ్చుకొనుట మర్యాద గాదు. కనుక సదరు సన్నాయిని కళ్లకద్దుకొని, వేదికమీదనున్న దేవుడి పటం ముందర ఉంచి, తమ ఎదుట వంగితిని. నా కొంప ముంచినది ఆ మర్యాదే.

4. మొన్న ప్రభ కట్టుట మొదలైనదని విని పోగా, వెంకటాద్రి గారు పదిమందిలో చెప్పిన మాటలు యథాతథముగా: "ముర్తుజా, సన్నాయి దేవుడి పటం ముందర పెట్టేశావు, ఊదటం చాలించినట్టే లెక్క. అందరూ చూశారు. పెట్టింది మళ్లా తీస్తే ఏం బాగుంటది? ఇంకెంతకాలం ఊదుతావు? ముసిలోడు ముందర నడిస్తే ప్రభకి కళ తగ్గుద్ది. బ్యాండు మేళానికి చెప్పాం. నీకు మంచినీళ్ల బండి మీద కుర్చీ ఏయిస్తాం. శాలువా కప్పుకొని, దండేసుకొని కూకో."

ఛీ!

ఆఫీసు కాగితంలో ఛీ అని వ్రాయరాదని లక్ష్మీనరసయ్య గారు అభ్యంతరము చెప్పి, "మిక్కిలి అసహ్యము కలిగినది" అని వ్రాసి చదివి వినిపించిరి. చాలలేదు. ఛీ అనే ఉంచమంటిని.

5. అయ్యా, నా ఊపిరి తగ్గినదని గాని, వేళ్లు తడబడినవని గాని ఒక్కడైనా విని చెప్పినాడా? లేదు. నా నెరిసిన తల చూసి చెప్పినారు. సన్నాయి తలవెంట్రుకలతో వాయిస్తారా? ఒక్కసారి వాయించి చూపమని అడిగిన నాథుడు లేడు. శాలువా కప్పిన నాటినుండి చెవులు రెండూ శుభ్రముగా పనిచేయుచున్న నా దగ్గర ప్రతివాడూ అరిచి మాట్లాడుచున్నాడు. నిలబడితే కూర్చోబెడుతున్నారు. కూర్చుంటే లేవబోతానని చెయ్యి పట్టుకుంటున్నారు. మొన్నటిదాకా "ఏం ముర్తుజా" అన్నవాళ్లు ఇప్పుడు "పాపం, పెద్దాయన" అంటున్నారు. ఆ పాపం అనే మాట వినబడితే వీధి మార్చి పోవుచున్నాను.

6. సదరు వెంకటాద్రి గారు నాకంటే పెద్ద. ఒకే వీధిలో పుట్టినాము. నేను పాకేనాటికి ఆయన గోలీలాడేవాడు. ఇప్పుడు మీసాలకు నల్లరంగు పూసుకొని, మెట్టు దిగాలంటే ఎవడి భుజమో పట్టుకొని, ప్రెసిడెంటుగిరీ వెలగబెడుతున్నాడు. ఆయనకు ఎవరూ శాలువా కప్పరేమి? అంగడి ఉన్నవాడికి వయస్సు రాదు కాబోలు.

7. ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పి, అన్నం ముందునుంచి లేచిపోతిని. జైనాబ్ బీ చెయ్యి కడుక్కోనివ్వలేదు. "కొండమీద కోటయ్య సామి వయసెంతో కనుక్కోమను ఆ వెంకటాద్రిని. ముసలోడయ్యాడని ఆయనకి శాలువా కప్పి కొండ దించారా? కూకొని తిను. రేపు పేట పోదాం," అన్నది. తిన్నాను. వచ్చినాము.

కావున తమరు దయతలచి, నన్ను ప్రభ ముందర నడవనిచ్చునట్లు సదరు కమిటీకి తాకీదు పంపవలెను. బ్యాండువారు నా వెనక వాయించుకొనుటకు నాకు అభ్యంతరము లేదు. శివరాత్రి ఇక వారం దినములలో ఉన్నది గనుక విచారణ పేరుతో జాగు చేయరాదు. ఈ మనవి చిత్తగించి, కప్పిన చేతులతోనే శాలువా విప్పవలెనని ప్రార్థన.

తమ విధేయుడు, నేటికిని సన్నాయి వాయించువాడు,
షేక్ ముర్తుజా

మళ్లీ ఒక ముక్క: నేను ఊరికి పోలేదు. తమ కచేరీ అరుగుమీదనే కూర్చున్నాను. తమరు ఈ కాగితం చదువుచుండగా వినబడుచున్నది నా సన్నాయే. బంట్రోతును పంపి ఆపించవద్దు, వాడి మాట వినను. నా ఊపిరి ఆగినప్పుడే తమరు బయటికి రావచ్చును, కాని చానాసేపు పడుతుంది. శాలువా నా భుజంమీదనే ఉన్నది. తమరే వచ్చి తీసుకోవాలి. ఈసారి నేను సన్నాయి కింద పెట్టను.