పునుగుల బండి దగ్గర ఎడమకి

గుంటూరు,
ఆదివారం.

అన్నయ్యకు,

నీ చెల్లెలు వరలక్ష్మి నమస్కారాలు. ఇక్కడ అత్తయ్యగారు, మీ బావగారు, మా మరిది, నేను కులాసాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందా? వదిన దగ్గు ఎలా ఉంది? పత్తి రెండో తీత అయిందా? అన్నీ వివరంగా రాయి.

ఈ సంగతి ఫోనులో చెప్పవచ్చు. కానీ సగంలోనే నవ్వి అడ్డం వస్తావు. కాగితానికి అడ్డం రాలేవు కదా. వదినకి వినపడేలా పైకి చదువు.

బస్సెక్కిస్తూ నువ్వన్న మాట నేను మర్చిపోలేదు. "ఒసేయ్, మన చేను కనుక్కోవడానికే నీకు మనిషి తోడు కావాలి. గుంటూరులో సందు తిరిగావంటే మళ్ళీ మాకు దొరకవే!" అన్నావు. బస్సంతా నవ్వింది.

మొదటి వారం నీ మాటే నిజమైంది. మీ బావగారి కోల్డ్ స్టోరేజీ ఉద్యోగానికి వీలుగా ఉంటుందని బ్రాడీపేటలో ఇల్లు తీసుకున్నాం. ఇంటి అడ్రసు నాలుగు బై ఆరు. అంటే నాలుగో లైను, ఆరో అడ్డరోడ్డు. పాలకని వెళ్ళి ఆరో లైను నాలుగో అడ్డరోడ్డులో నిలబడి, మా ఇల్లు ఏమైపోయిందా అని చూస్తూ ఉండిపోయాను. తూర్పు ఎటో చూసుకుందామంటే ఈ అపార్టుమెంట్ల మధ్య సూర్యుడు చాలా పొద్దెక్కితే గానీ కనపడడు. చివరికి మా మరిది శీను వచ్చి తీసుకెళ్ళాడు. "వదినా, ఆడవాళ్ళ బుర్రకి దిక్కులు ఎక్కవు. నువ్వేం బాధపడకు" అన్నాడు. ఓదార్చాడో వెక్కిరించాడో తెలియలేదు.

ఆ మర్నాటి నుంచి వంట ముగించుకుని రోజుకొక వీధి నడిచాను. మిరపకాయల లారీలు పోతుంటే తుమ్ములు, కళ్ళ వెంట నీళ్ళు. అయినా మానలేదు. ఒక నోటుబుక్కు పెట్టి ప్రతి మలుపూ రాసుకున్నాను: వేపచెట్టు, టైలరు కొట్టు, నీలం గేటు, కుక్క ఉన్న ఇల్లు. ఇక్కడ పలకరించే మనిషి లేక మొదట్లో దిగులుగా ఉండేది. ఆ మలుపులే నాకు తెలిసినవాళ్ళయ్యాయి.

అత్తయ్యగారికి చదువు రాదు, చూపు కూడా మందగించింది. అయినా రోజూ గుడికి వెళ్ళాల్సిందే. గుడి మా లైను చివర ఉంటుంది. నా పుస్తకం చూసి ఆవిడకి దారి నేనే నేర్పాను. "వచ్చేటప్పుడు పునుగుల బండి దగ్గర ఎడమకి తిరగండి. మూడో గేటు, మొదటి అంతస్తు." నూనె వాసన చూసి తిరిగేవారు. పదిహేను రోజులు ఒక్క పొరపాటు లేదు.

మొన్న శుక్రవారం పొద్దున పది దాటినా ఆవిడ గుడి నుంచి రాలేదు. శీను గుడికి పోయి అడిగితే ఎప్పుడో వెళ్ళిపోయారన్నారు. ఆవిడ ఫోను ఇంట్లోనే ఉంది. మీ బావగారు, శీను మోటారు సైకిలు మీద బయల్దేరారు. వెళ్ళేముందు ఆయన నా మీద అరిచారు.

"చక్రాలున్న బండిని ఎవరైనా గుర్తుగా పెట్టుకుంటారా? నంబరు చెప్పాలి గానీ!"

"అత్తయ్యగారికి నంబర్లు కనపడవు కదండీ!"

"ఇప్పుడు అమ్మే కనపడటంలా!"

ఆవిడకేమన్నా అయితే నేను నేర్పిన దారే ఆవిడని పోగొట్టినట్టు. వాళ్ళు లైను లైనూ వెతుకుతున్నారు. నేను మెట్ల మీద కూర్చుని పుస్తకం తీశాను. అత్తయ్యగారు చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. మరి ఆవిడ తప్పకపోతే తప్పిందేమిటి?

మూల మీదికి పరిగెత్తాను. బండి లేదు! దాని చోట కాలవ తవ్వుతున్నారు.

"బండామె ఏదీ?" అని టైలరుని అడిగాను.

"తవ్వేవాళ్ళు పొమ్మంటే తొమ్మిదో అడ్డరోడ్డుకి తోసుకుపోయిందమ్మా, పొద్దున్నే!"

తొమ్మిదో అడ్డరోడ్డు దాకా వెళ్ళి, గుడి వైపు నుంచి వస్తున్నట్టు నిలబడ్డాను. బండి దగ్గర ఎడమకి తిరిగాను. మూడో గేటు. మొదటి అంతస్తు.

తలుపు తీసే ఉంది. అత్తయ్యగారు కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నారు!

ఆ ఇంటావిడ నవ్వుతోంది. "తలుపు తీయగానే 'నువ్వెవరమ్మా మా ఇంట్లో?' అని నన్నే నిలదీశారండీ. ఇల్లెక్కడమ్మా అంటే బండి దగ్గర ఎడమకి, మూడో గేటు అంటారు. అదేమో మా ఇల్లే!"

"చెప్పలేదూ, నా కోడలు వచ్చేస్తుందని?" అన్నారు అత్తయ్యగారు. నేను ఆవిడ పక్కన కూలబడి ఏడ్చేశాను. ఆ ఇంటావిడ నాకూ కాఫీ ఇచ్చింది.

ఫోను చేస్తే కొడుకులిద్దరూ చెమటలు కక్కుతూ వచ్చారు. "ఎక్కడికి తప్పిపోయావే అమ్మా!" అన్నారు మీ బావగారు.

"నేనెక్కడ తప్పిపోయానురా? బండి తప్పిపోయింది" అన్నారావిడ.

నిన్న మీ బావగారే, "కంటి డాక్టరు దగ్గరికి దగ్గర దారి ఏదో నీ పుస్తకంలో చూడు" అని అడిగారు. శీను అయితే పేజీలన్నీ ఫోటోలు తీసుకున్నాడు. నేనూ తప్పు దిద్దుకున్నాను. కదిలే గుర్తులన్నీ కొట్టేశాను. అత్తయ్యగారి చేత "నాలుగు బై ఆరు" వల్లె వేయిస్తున్నాను.

ఆడవాళ్ళు గుర్తులతో, మగవాళ్ళు నంబర్లతో, దిక్కులతో పోతారేమో, కాదనను. కానీ అన్నయ్యా, నాన్న నిన్ను చిన్నప్పుడే చీరాల దాకా తిప్పాడు. నాకు బడీ ఇల్లూ తప్ప ఏ దారి చూపించాడు? మిరపకోతలకి పొరుగూళ్ళు పోయే మన ఊరి ఆడవాళ్ళు ఏనాడైనా దారి తప్పారా? తిరిగితే కదా తెలిసేది.

గుంటూరులో ఉండి అడుగుతున్నానని నవ్వకు. నువ్వు మమ్మల్ని చూడ్డానికి వచ్చేటప్పుడు మన చేలో పండుమిరపకాయలు రెండు కిలోలు తీసుకురా. పచ్చడికి వాటి రుచే వేరు. బస్టాండులో దిగి ఫోను చెయ్యి, నేనే వస్తాను. సందుల్లో మాత్రం నా వెనకాలే నడువు. లేకపోతే మళ్ళీ మాకు దొరకవు!

పెద్దమ్మకి నా దండాలు, పిల్లలకి ముద్దులు చెప్పు. నీ దీవెన, వదిన దీవెన నా మీద ఎప్పుడూ ఉండాలని కోరుతూ,

నీ చెల్లెలు,
వరలక్ష్మి