పళ్ళికొండలో కొట్టించుకున్న గుండు

శుక్రవారం రాత్రి, గుడియాత్తం



నా బంగారుతల్లి సుమతి టీవీ పాటల పోటీలో గెలిచింది! ఆదివారం చూపించేదాకా ఎవురికీ చెప్పకూడదని టీవీవాళ్ళ కాయితం మీద ఇంటిల్లిపాదీ సంతకాలు పెట్టినాము. నేను నోరు తెరవలేదు, దేవుడి తోడు! సంతోషం పట్టలేక పొద్దున పళ్ళికొండకు పోయి రంగనాథస్వామికి గుండు మొక్కు తీర్చుకొని వచ్చినాను, అంతే.

"గెలిస్తే మా నాయన గుండు కొట్టించుకుంటాడు" అని అది మొదటి వారమే టీవీలో చెప్పిందంట. నాకేం తెలుసు? టీ అంగట్లో నా గుండు ఫోటో తీసి, "సుమతే గెలిచింది" అని ఆ షో అభిమానులు ఫోన్లలో ఊరూరా పంపేసినారు!

"రెండు రోజులు ఆగలేకపోయినావా నాయనా? టీవీవాళ్ళు బహుమతి ఆపేస్తామంటా ఉండారు" అని బిడ్డ ఫోన్లో ఏడిచింది.

స్వామీ, దాని గెలుపు దానికే ఉండనీ. ఇంకోసారి మొక్కుకుందామంటే తల మీద వెంట్రుక లేదు...